ధూపం లేవని శుక్రవారం

కోబాన్ కొండల్లోని ఆ కాఫీ తోట గుడిలో ఒక కట్టుబాటు ఉంది. ఫాదర్ ప్రసంగం అయ్యాక, ఊరికి మతపాఠాలు చెప్పే ఉపదేశి లేచి అది సువార్తకు తగినదో కాదో తేల్చాలి. తగినదైతే పీఠం ముందు మట్టి పాత్రలో కోపాల్ చెట్టు బంక వేసి ధూపం రాజేస్తారు, జనం మోకరిస్తారు. కాకపోతే పాత్ర చల్లగానే ఉంటుంది. ఎంతటి ఫాదరైనా తల వంచుకుని దిగిపోవాల్సిందే.

ఆ ఏడు ఉపదేశి కాందెలారియా చోక్. ఆమె భర్త మతేవో తోట దొరను కూలి పెంచమన్నాడు. అందుకు నిన్నటి నుంచీ గిడ్డంగిలో బందీ. తపస్సుకాలపు శుక్రవారం, గుడి గుమ్మంలో మేస్త్రీ ఎవరిస్తో ఆమెను ఆపాడు.

"ఇదిగో, ఈ ఫాదర్‌ని దొరగారే పట్నం నుంచి పిలిపించారు. ధూపం లేచిందా, నీ మొగుడు కూటి వేళకి ఇంట్లో ఉంటాడు. లేవలేదా, నువ్వే వాడికి కొవ్వొత్తి పెట్టుకో."

ఊదా గుడ్డలు కప్పిన పునీతుల విగ్రహాల పక్కన నిలబడి ఫాదర్ గొంతెత్తాడు. "క్రీస్తు దెబ్బలు తిన్నాడు, నోరెత్తాడా? మీరూ ఎత్తకండి. మీ పస్తే మీ తపస్సు. యజమానిని ఎదిరించినవాడు సిలువను పారేసినవాడే!"

కాందెలారియా గుప్పిట్లో బంక చెమటకు జిగటైంది. ఒక్క నిప్పు వేస్తే మొగుడు దక్కుతాడు. వేస్తే ఈ అబద్ధాన్ని రేపట్నుంచి జనం దేవుడి మాటగా మోస్తారు, పిల్లల నోళ్ళలో పోస్తారు. లేచింది.

"సామీ, ప్రధాన యాజకుడి ఇంట్లో బంట్రోతు చెంప పగలగొడితే క్రీస్తు ఊరుకోలేదు. 'నా మాటలో తప్పుంటే చూపించు, లేకపోతే ఎందుకు కొట్టావ్?' అనడిగాడు. ఈ ప్రసంగం చెల్లదు."

ఎవరిస్తో కత్తి పిడితో ఆమె దవడ మీద గుద్దాడు. పన్ను ఊడింది. రక్తంతో సహా దాన్ని అతని చొక్కా మీద ఉమ్మింది.

"తప్పు చూపించు. ఎందుకు కొట్టావ్?"

"చెప్పరా పందీ, నోరు పడిపోయిందా?" వెనక నుంచి ముసలి మార్సెలీనా అరిచింది.

అతను పిస్తోలు తీశాడు. గుండు పైకప్పును చీల్చింది, రెండోది పేలకముందే జనం విసిరిన బల్ల ఒకటి అతని మోకాళ్ళను విరగ్గొట్టినంత పనిచేసింది. జుట్టు పట్టి గిడ్డంగి దాకా ఈడ్చారు. గొడ్డళ్ళతో తలుపు కూల్చారు.

మతేవో బస్తాల మీద ఉన్నాడు. ముఖం ముఖంలా లేదు. ఒళ్ళు కొయ్యబారింది, పెదాల మీద చీమలు. పొద్దున ఎవరిస్తో బేరమాడింది చచ్చినవాడి ప్రాణానికి.

కత్తులు లేచాయి. ఎవరిస్తో మట్టిలో ముడుచుకున్నాడు. వెంట పరుగెత్తుకొచ్చిన ఫాదర్ అడ్డం పడ్డాడు. "వద్దు! శత్రువుని చంపొద్దన్నాడు క్రీస్తు! వద్దు!"

అందరూ కాందెలారియా వైపు చూశారు. తేల్చడం ఆమె పని కదా. ఆమె భర్త కళ్ళు మూసింది. ఎవరిస్తో గొంతు వైపు చూసింది. అది తెగితే ఎంత హాయో ఆమె వేళ్ళకు తెలుసు.

"ఈ మాట సరైనదే," అంది. పన్ను ఊడినప్పుడు కూడా అంత నొప్పి పుట్టలేదు. "కానీ సామీ, దీన్ని మాకు కాదు, నిన్ననే వీడికి చెప్పాల్సింది."

తర్వాత ఎవరిస్తో డొక్కలో కాలితో ఒక్క తాపు తన్నింది.

"లే. నా మొగుణ్ణి భుజానికెత్తుకో. కొండ మీది సిలువ దాకా నువ్వే మోస్తావ్. దించావో, నేను ఉపదేశినని మర్చిపోతా."