చుట్ట అయిందాకా

కాఫీ గ్లాసుల అడుగున నాని ఉబ్బిన సిగరెట్ పీకల్ని వేలితో గోకి తీయడం నా సాయంత్రపు పనుల్లో ఒకటి. ముందరింట్లో ఇత్తడి బూడిద పళ్ళెం ఉండనే ఉంది. రోజూ చింతపండుతో తళతళా తోమి బల్ల మీద పెట్టేదాన్ని. అయినా మా ఇంటికి వచ్చే లెక్చరర్లకు మాటల వేడిలో చెయ్యి అంతదూరం పోయేది కాదు. తాగిన గ్లాసులోనే చుయ్యిమని ఆర్పేసేవాళ్ళు. మర్నాడు అదే గ్లాసులో వాళ్ళకే మళ్ళీ కాఫీ ఇవ్వాలి కదా, కంపు పోయేదాకా ఒకటికి రెండుసార్లు తోమేదాన్ని. కాలేజీలో పొగాకు నిషేధించాలని వాళ్ళంతా మా ఇంట్లో కూర్చుని తీర్మానం చేసిన రోజున మాత్రం, దేవుడి మీద ఒట్టు, ఆ పీకలు తీయలేక ఒక గ్లాసును పెరట్లోకి విసిరేశాను. ఎవరూ చూడలేదు. కాసేపాగి నేనే పోయి తెచ్చుకుని కడిగి బోర్లించాను.

అది అరవై ఒకటో, అరవై రెండో. నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా, సరుగుడు తోటల మధ్య కొత్తగా వచ్చిన గవర్నమెంటు కాలేజీ అది. మా ఆయన పద్మనాభయ్య గారు ప్రిన్సిపాల్. కాలేజీ కాంపౌండులోనే మాకు క్వార్టర్సు ఇచ్చారు. ముందరిల్లు పడమటి వైపు, వంటిల్లు తూర్పు వైపు. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి మొదలయ్యేది. వంటింట్లో పోపు పెడితే ఆ ఘాటు ఇల్లంతా దాటి ముందరింట్లో కూర్చున్న వాళ్ళను తుమ్మించేది. ఉప్పు గాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టేవి, ఆరేసిన చీరలు జిగురుగా ఉండేవి. ఇప్పుడు నెల్లూరు ఊరి నడుమ ఈ మేడింట్లో ఫ్యాను కింద పడుకుని కూడా నేను ఆ గాలి కోసమే వెతుక్కుంటూ ఉంటాను.

పొద్దున్నే అటెండరు హజరత్తయ్య వచ్చేవాడు. "అమ్మా, అయ్యగారితో నలుగురు భోజనానికొస్తా ఉండారంట" అని తలుపు దగ్గరే చెప్పి వెళ్ళిపోయేవాడు. హాస్టల్లో పిల్లాడికి జ్వరం వస్తే చారు నా ఇంటి నుంచే పోవాలి. కాలేజీ డే వస్తే వేదిక మీది గుడ్డలకు ఇస్త్రీ నేనే చేయాలి. అయినా మా ఆయన రాత్రి భోజనాల దగ్గర, చాలా ప్రేమగానే, "నీకేం కామాక్షీ, పొద్దస్తమానం ఇంట్లోనే కదా, హాయిగా ఉంటావు" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ అప్పుడు నా చేతిలో నెయ్యి గిన్నె ఉండేది, వడ్డించడమే సరిపోయేది.

మా అత్త చెంచమ్మ మోకాళ్ళ నొప్పులని మా దగ్గరికి వచ్చి ఉండేది. మనుబోలు దగ్గర పల్లెలో చిన్నకొడుకు ముత్యాలయ్య సేద్యం చేసుకుంటూ ఉండేవాడు. ఆమె వస్తోందంటే మొదట నాకు భయమే వేసింది. గొంతు పెద్దది, పట్టు పెద్దది, పైగా చుట్ట తాగుతుంది. బుచ్చిరెడ్డిపాలెంలో మా పుట్టింట్లో ఆడవాళ్ళు వక్కాకు దాటి పోలేదు. చూద్దాంలే, ఈమెకు కూడా నేనే బూడిద ఎత్తాలి కాబోలు అనుకున్నాను.

వచ్చిన మొదటి సాయంత్రం ఆమె వంటింటి వెనక మెట్టు మీద కూర్చుని, రొంటిన దోపుకున్న చుట్ట తీసి, పొయ్యిలో నిప్పు అడిగింది. పట్టకారుతో ఇచ్చి నేను లోపలికి పోబోతుంటే చెయ్యి పట్టుకుంది.

"యాడికి? కూర్చో. నా చుట్ట అయిందాకా లెయ్యబాక."

కూర్చున్నాను. ముందరింట్లోంచి మా ఆయన కేక వినిపించింది. "కామాక్షీ, కాఫీ!"

"అబ్బయ్యా, అది నా దగ్గిర కూర్చోనుంది. చుట్ట అయినాక వస్తాదిలే" అని అత్త ఇంకా పెద్దగా అరిచింది.

కాలేజీ మొత్తాన్ని కనుచూపుతో నిలబెట్టే మనిషి ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. నాకు నవ్వు ఆగలేదు. పెళ్ళయి వచ్చిన తర్వాత వెలుతురు ఉండగా నేను ఊరికే కూర్చోవడం అదే మొదలు.

ఆ తర్వాత రోజూ అంతే. సరుగుడు చెట్లలో గాలి హోరు పెడుతూ ఉంటే, అత్త నింపాదిగా, అవసరానికి మించిన నింపాదితో చుట్ట పీల్చేది. నేను ఆమెకు వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేదాన్ని. "ఆ పిల్లకి బుద్ధి లేదు, వాడికి సిగ్గు లేదు, చదువు చదువు" అనేది. నా చిన్నప్పటి సంగతులు ఆ ఇంట్లో అడిగిన మనిషి కూడా ఆమె ఒక్కతే. మా ఊళ్ళో వడ్ల బస్తాల మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్నానని, ఎస్సెస్సెల్సీ పాసయినప్పుడు మా నాయన ఇంకా చదివిస్తానన్నాడని ఆమెకే చెప్పాను. ఆ పొగ నా కళ్ళకు పడేది కాదు, దగ్గు వచ్చేది. పొగాకు మంచిదని నేనెప్పుడూ అనను. అయినా ఆ మెట్టు మీద కూర్చున్నంతసేపు నేనొక మనిషిననిపించేది.

ఒకరోజు అడిగాను. "ఈ చేదు ఎట్టా అలవాటైంది అత్తా?"

అత్త నుసి రాల్చింది.

"నాట్లప్పుడు మొగోళ్ళు గట్టెక్కి చుట్ట ముట్టిచ్చుకోనేవోళ్ళు. అది అయిందాకా ఆసామి గూడా వాళ్ళని ఏమనడు. మేం నడుం పట్టుకోని కాసేపు కూర్చుంటే మాత్రం, ఏం మేయ్ ఒళ్ళు బలిసిందా అనేవోడు. చూసినా, చూసినా. ఒకరోజు బురద కాళ్ళతో గట్టెక్కి, మీ మామ నోట్లో చుట్ట లాక్కోని నా నోట్లో పెట్టుకున్నా. దగ్గొచ్చి చచ్చినా అనుకో. అయినా ఒక్కడు గూడా లెయ్యమన్లా."

"అయితే పొగ కోసం కాదా?"

"పొగేం రుచి, దాని బొంద. కూర్చోను నేర్చుకున్నా."

ఆ ఎండాకాలంలో పి.యు.సి. క్లాసులు జరిగే తాటాకుల కొట్టం తగలబడింది. సెలవు రోజు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఎవడో పిల్లవాడు బీడీ తాగి చూరు కింద పారేశాడన్నారు. మా ఆయన రెండు రాత్రులు నిద్రపోలేదు. పాపం, ఆయన భయం నిజమైందే, లోపల పిల్లలుంటే ఏమయ్యేది? కాంపౌండులో పొగాకు అనే మాట వినపడకూడదని పట్టు పట్టారు. జిల్లాలో ఇట్లాంటి రూలు పెట్టిన మొదటి కాలేజీ మనదే కావాలన్నారు. ఆ తీర్మానం రాయడానికే లెక్చరర్లంతా మా ముందరింట్లో చేరారు. మూడు దఫాలు కాఫీ ఇచ్చాను. మూడోసారి వెళ్ళేటప్పటికి పొగలో ఎవరి మొహం ఎవరిదో తెలియలేదు. బీడీ, సిగరెట్, చుట్ట, నశ్యం, నమిలే పొగాకు, ఏదీ ఎవరూ వాడకూడదు. లెక్కల లెక్చరరు రమణయ్య గారు కొత్త సిగరెట్ ముట్టించుకుంటూ, "ఎవరూ అనే మాట కింద గీత పెట్టాలి సార్" అన్నారు. నేను గ్లాసు విసిరింది ఆ రోజే.

రూలు పెట్టిన వారానికి రమణయ్య గారే వచ్చి మా ఆయనతో గొంతు తగ్గించి చెప్పారు. హాస్టలు దారిలోంచి మా వెనక మెట్టు కనపడుతుందట. ప్రిన్సిపాల్ గారి అమ్మకు రూలు లేదా అని పిల్లలు నవ్వుకుంటున్నారట. ఆయన్ను పంపించి మా ఆయన వంటింట్లోకి వచ్చారు.

"అమ్మకు చెప్పు."

"మీ అమ్మకు మీరు చెప్పండి" అన్నాను. అట్లా అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది.

ఆయన మెట్టు దగ్గరికి పోయి నిలబడ్డారు. "అమ్మా, ఇది గవర్నమెంటు కాలేజీ. ఇక్కడ చుట్ట తాగకూడదు."

"నువ్వు తాగతా ఉండేది ఏందిరా, ఊదొత్తా?"

"అది లోపల, గదిలో. నలుగురికీ కనపడేది కాదు. నువ్వు బయట కూర్చుని..."

"అట్టయితే నేనూ లోపలికే వస్తాలే. ఆ రమణయ్య పక్కన కుర్చీ వేయించు."

ఫక్కున నవ్వాను. మా ఆయన తల్లి వైపు కాదు, నా వైపు చూశారు. "నవ్వాల్సిన విషయం కాదు కామాక్షీ. అమ్మా, నా పరువు పోతోంది. ఇది మానేస్తావా, లేకపోతే కొన్నాళ్ళు తమ్ముడి దగ్గర..." అని ఆగిపోయారు.

అత్త మొహంలో నవ్వు పోయింది. "మిగిలింది గూడా చెప్పొచ్చు గదరా, బస్సు ఎన్నింటికో" అంది.

ఆ రోజే మూట కట్టుకుంది. నేను ఏడుస్తూ ఆమె వెనకాలే తిరిగాను. "మానెయ్ అత్తా, నా కోసం మానెయ్యకూడదా?" అని బతిమాలాను.

"మానలేక కాదే పిచ్చిదానా. మాన్తే ఇంక ఆ మెట్టు మీద నిన్నేమని కూర్చోపెట్టుకునేది?"

మూట హజరత్తయ్యకు ఇచ్చి, చివరిసారి మెట్టు మీద కూర్చుని చుట్ట సగం తాగి, అరుగుకు రాసి ఆర్పింది. పొయ్యి పైనున్న కిటికీ ఊచల సందులో దాన్ని దోపింది. పల్లెలో ఉన్నప్పుడు ఏ ఊరికి పోయినా సగం చుట్ట చూరులో దోపి పోవడం ఆమెకు అలవాటు. "మళ్ళా వచ్చి తాగతాలే, తియ్యబాక" అంది. మనుబోలు బస్సు కాలేజీ గేటు ముందు నుంచే పోతుంది. కిటికీలోంచి చెయ్యి ఊపుతుందని గేటు దాకా పరుగెత్తాను, ఊపలేదు.

ఆ తర్వాతే నాకు తెలిసొచ్చింది. మెట్టు అక్కడే ఉంది. కూర్చోవద్దని నన్ను ఎవరూ అనలేదు. కానీ కూర్చోగానే ముందరింట్లోంచి కేక వచ్చేది. "కామాక్షీ, ఏం చేస్తున్నావు?"

"ఏమీ లేదండీ."

"అయితే ఇటు రా."

రోజూ ఇదే. నా మాటకు నేనే లేచిపోయేదాన్ని. ఏమీ లేదు అన్న మనిషిని పిలవకుండా ఎవరు ఊరుకుంటారు? బొత్తాం కుట్టాలి, సిగరెట్ నిప్పు పడి చిల్లిపడిన పంచె రఫూ చేయాలి, అగ్గిపెట్టె అందించాలి. సీరియల్లో ఆ పిల్లకు బుద్ధి వచ్చిందో లేదో నేను చదవనే లేదు. అత్త మీద బెంగ, ఆయన మీద కోపం, రెండూ కడుపులో పెట్టుకుని పని చేసుకుంటూ పోయాను. మా ఆయన మాత్రం ఒక్కసారి కూడా తల్లి మాట ఎత్తలేదు. కాకపోతే అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆగి వెనక తలుపు వైపు చూసేవారు. చూశారని నేను చూశానని తెలిస్తే, పులుసులో ఉప్పు తక్కువైందనేవారు.

వానలు మొదలయ్యాక పై అధికారి ఎవరో మద్రాసు పోతూ కాలేజీకి వచ్చారు. ఆవరణ అంతా తిరిగి, ఒక్క పీక కూడా కనపడలేదని మెచ్చుకుని పోయారు. కనపడకపోక ఏం చేస్తుంది, అన్నీ మా గ్లాసుల్లో ఉన్నాయి. ఆ సంతోషంలో సాయంత్రం మళ్ళీ అందరూ ముందరింట్లో చేరారు. మొదటి దఫా కాఫీ ఇచ్చి వస్తుంటే రమణయ్య గారు, నేను ఇంకా గుమ్మంలో ఉండగానే, గ్లాసులో సగం కాఫీ ఉండగానే, అందులో సిగరెట్ ముంచి ఆర్పారు. మాట ఆపకుండానే, నా వైపు చూడకుండానే గ్లాసు నా పళ్ళెంలో పెట్టారు.

"కామాక్షీ, ఇంకో దఫా" అన్నారు మా ఆయన.

వంటింట్లోకి వచ్చాను. పాలు పొయ్యి మీద పెట్టలేదు. కిటికీ ఊచల సందులో అత్త చుట్ట అట్లాగే ఉంది. తీసి, ఆమె చేసినట్టే నోట్లో పెట్టుకుని, నిప్పుకణిక ఆనించి లాగాను. అబ్బ, గొంతులో మంట! కళ్ళనిండా నీళ్ళు, ఊపిరి ఆడలేదు. అయినా అంటుకుంది. మెట్టు మీదికి పోయి కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మళ్ళీ నోట్లో పెట్టుకోలేదు, వేళ్ళ మధ్య ఊరికే కాలనిచ్చాను. సముద్రం గాలి విసురుగా వచ్చి ఆ పొగను వంటింట్లోంచి, నడవలోంచి ముందరింటికి తీసుకుపోయింది.

ముందరింట్లో మాటలు ఆగిపోయాయి. కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి వెనక గుమ్మంలో నిలబడ్డారు. నెరిసిన జుట్టుతో, ప్రిన్సిపాల్ కోటుతో ఉన్న మనిషికి బడి నుంచి ఇంటికొచ్చిన పిల్లాడి మొహం ఉంది.

"అమ్మ వచ్చిందా?"

నాకు ఆయన మీద ఎంత జాలి వేసిందో చెప్పలేను. ఆ క్షణాన లేచి, కాఫీ కలిపి, ఏదో ఒక మాట చెప్పి సర్దేద్దామనిపించింది కూడా. లేవలేదు.

"రాలేదండీ."

ఆయన నా చేతిలో చుట్టను చూశారు, ఖాళీగా ఉన్న పొయ్యిని చూశారు. లోపల నుంచి రమణయ్య గారు దగ్గి, సార్ అని పిలిచారు.

"మరి... నువ్వేం చేస్తున్నావు?" అన్నారు మెల్లగా.

"కూర్చున్నాను. ఇది అయిందాకా లెయ్యను."