చుక్కకు చెప్పే ముచ్చట

పూలమ్మకు కుక్క మీద అసూయ పుట్టిందంటే వినేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఇరవై రెండేళ్లు కాపురం చేశాక, మొగుడి పక్కన తను నడవాల్సిన చోట నాలుగు కాళ్లది తోకాడిస్తూ నడుస్తుంటే ఎవరికి మాత్రం కడుపు మండదు?

కొమురెల్లి బాయిలోకి దిగి బొగ్గు తీసే మనిషి. ఇంటికొస్తే స్నానం, తిండి, నిద్ర. కూరలో ఉప్పెక్కువైందన్న మాట కూడా పండగకొకసారి. అలాంటివాడు ఏడాది కిందట డ్యూటీ నుంచి వస్తూ ఒక కుక్కపిల్లను చంకనేసుకొచ్చాడు. నుదుట తెల్ల మచ్చ ఉందని చుక్క అని పేరు పెట్టాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం దాన్ని బండి ముందు కూర్చోబెట్టుకుని, బాయిలు తవ్విపోసిన పాత మట్టిగుట్టల మీద చెట్లు పెంచిన అడవి పార్కుకు తీసుకెళ్తున్నాడు. పూలమ్మను అక్కడికి ఒక్కసారి కూడా రమ్మనలేదు.

పార్కు గేటు కాడ కాపలా ఉండే ఎల్లన్న ఒకరోజు కూరగాయల మార్కెట్లో కనిపించి నిప్పు రాజేశాడు. "మీ ఆయన గా కుక్కతోని గంటలు గంటలు మాట్లాడుతడు పూలక్కా. నవ్వుతడు సుత."

నవ్వుతాడట! పక్క క్వార్టర్ తస్లీమా ఊరుకుంటుందా? "సవతి పోరంటే గిదే అక్కా. జల్ది ఏదన్న చెయ్యి," అంది.

ఆ ఆదివారం వాళ్లు వెళ్లిన కాసేపటికి పూలమ్మ కూడా ఆటో ఎక్కింది. ఇంట్లో కుక్క ఉండాలో తనుండాలో ఇవాళ తేల్చుకోవాల్సిందే.

వెదురు పొద అవతల బెంచీ మీద కొమురెల్లి కూర్చున్నాడు. చుక్క అతని ఒళ్లో తల పెట్టుకుని ఉంది. పూలమ్మ పొద వెనకే ఆగింది.

"నిన్న సుత కాళ్లు వణికినయే చుక్కా. దిగే కాడ ఊపిరందలే. వయసుల ఉన్నప్పుడు గిట్ల లేకుండె. తోటోళ్లకు చెప్తే నవ్వుతరు. నువ్వైతే నవ్వవు."

పూలమ్మకు ముందు జాలి కలగలేదు, ఉన్నమాట చెప్పుకోవాలి. మంటే కలిగింది. తనకు చెప్పుకోవాల్సిన భయాన్ని తీసుకెళ్లి కుక్క చెవిలో పోస్తున్నాడు.

"నాకు చెప్పరాదా గా ముచ్చట?" అంటూ ముందుకొచ్చింది. "నాకంటె గదే ఎక్కువైందా నీకు?"

కొమురెల్లి ఉలిక్కిపడ్డాడు. కానీ తల దించుకోలేదు. "నువ్వెన్నడన్న అడిగినవానే?"

పూలమ్మ అడగలేదు, నిజమే. పెళ్లయి వచ్చిన రోజే అత్త కనకవ్వ చెప్పింది: దిగే మనిషిని బాయి సంగతి అడగకూడదు, అడిగితే భయం గుర్తొస్తుంది, భయపడినవాడు కింద తప్పటడుగు వేస్తాడు. అది ఆ వరస క్వార్టర్లలో ఆడవాళ్లంతా పాటించే కట్టుబాటే. అడక్కుండా మొగుడిని కాపాడుకుంటున్నానని తను మురిసిపోయింది. అడిగే దిక్కు లేదని ఆయన అనుకున్నాడు. చుక్క ఏ కట్టుబాటూ ఎరగదు. ఆయన రాగానే బూట్లు, బట్టలు, చేతులు అన్నీ వాసన చూసి, ముఖంలోకి చూసేది. ఆ బూట్లను తనేమో దూరంగా పెట్టించేది.

పూలమ్మ బెంచీ మీద కూర్చుంది.

"కింద ఏమైతాంది నీకు?" అని అడిగింది.

కొమురెల్లి ఆమె వైపు తిరిగాడు. కాసేపు చెట్ల వైపు చూశాడు. చివరికి కుక్క తల మీద చెయ్యి వేశాడు.

"చూసినవా చుక్కా, మీ అవ్వ అడుగుతాంది. మొన్న సోమారం ఏమైందంటే..." అని దానికే చెప్పడం మొదలుపెట్టాడు.

పూలమ్మకు మళ్లీ ఒళ్లు మండింది. లేచి పోదామనుకుంది. పోతే ఆ మాట సగంలో ఆగిపోతుంది. అందుకని కుక్కకు ఇవతలి పక్కనే కూర్చుని, ఆయన కళ్లు ఒక్కసారైనా తన వైపు తిరుగుతాయేమోనని చూస్తూ, చివరిదాకా వింది.