బయటికి వినిపించిన పాట

“ఇంట్లో కంప్యూటర్లో పాట వస్తోందిగా, బయటెందుకు నీకు?” అన్నాడు జీవరాజు షూ లేసు కట్టుకుంటూ.

దేవకృప దొండకాయలు తరుగుతూ తలెత్తలేదు. రెండు వారాల్లో ఈ మాట వినడం నాలుగోసారి. ఆయన ఆఫీసులో కంప్యూటర్లు చూసే విభాగానికి ఇంచార్జి. ఊళ్ళో అందరి సిస్టములూ బాగుచేస్తాడు, ఇంట్లోది మాత్రం “ఆదివారం చూస్తా” దగ్గరే ఆగిపోయింది. ఆదివారం వస్తే చర్చి, చర్చి అయితే మటన్ కూర, కూర అయితే నిద్ర. ఆ కూర వండేదీ, ఆ నిద్ర చెడకుండా గిన్నెలు చప్పుడు కాకుండా తోమేదీ తనే కాబట్టి, ఆదివారం ఎటు పోతుందో ఆమెకు బాగా తెలుసు.

కార్ఖానా అనే పేటలో ఒక స్కూల్లో నాలుగో తరగతికి పాఠాలు చెప్పే దేవకృపకు ఉన్న పిచ్చి ఒక్కటే, పాట. చర్చిలో పన్నెండు మంది ఆడవాళ్ళను కూడగట్టి, స్త్రీల ఆదివారం నాడు ఒకే పాటను మూడు వరసల్లో, మూడు వేర్వేరు స్వరాలు ఒకేసారి కలిసేలా పాడించాలని ఆరు నెలలుగా అనుకుంటోంది. బాణీ కూడా తనదే. క్వాయర్ నడిపే జెరెమియా మాస్టారు విని నవ్వారు. “ఆడవాళ్ళకు ఒక్క వరస చాలమ్మా. మూడంటే గందరగోళం. తెలిసిన పాటేదో పాడేయండి.” ఆయన చెడ్డవాడు కాదు, ఆ నవ్వులో విషమూ లేదు. అందుకే అది ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. పన్నెండు మందీ ఒకచోట చేరే వీలు లేదు. ప్రిసిల్లా నర్సు, ఆమె డ్యూటీ ఎప్పుడు మారుతుందో ఆమెకే తెలియదు. స్వర్ణలత బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల దుకాణంలో చీటీలు రాస్తుంది. మిగతావాళ్ళకు పిల్లలు, అత్తగార్లు, వంటలు. అందుకని దేవకృప మూడు వరసలూ తనే విడివిడిగా పాడి రికార్డు చేసింది. ఫోన్లకు పంపితే కొత్తదీ పాతదీ కలిసిపోయి, సగం మంది దిద్దకముందు పాటే నేర్చేసుకున్నారు. అప్పుడు ఇంట్లో మూలపడ్డ పాత కంప్యూటర్‌ని పాటల సర్వర్‌గా మార్చింది. పాట ఒకేచోట ఉంటుంది, ఇక్కడ దిద్దితే ఎవరు ఎక్కడ విన్నా దిద్దినదే వినబడుతుంది. వినబడాలి. కానీ ఆ కంప్యూటర్లో పాడుతుందే గానీ, బయట ఎవరు పెట్టినా “సర్వర్ దొరకలేదు” అంటోంది. స్త్రీల ఆదివారానికి ఇంకా ఎనిమిది రోజులే ఉంది.

శనివారం, స్కూలుకు సెలవు. జీవరాజు బండి సందు తిరగగానే ఆమె కూర పొయ్యి మీద వేసి, మంట తగ్గించి, కొంగు దోపుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. ముందు తన ఫోన్లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో ప్రయత్నించింది. రాలేదు. మంచిదే అనుకుంది, ఇక ప్రతిసారీ ఎవరికో ఫోన్ చేసి అడగక్కర్లేదు. లెక్క తప్పిన పిల్లలకు పైనుంచి ఒక్కో మెట్టూ చూసుకురమ్మని చెబుతుంది కదా, తనూ అదే చేసింది. రౌటర్ పేజీ తెరిచింది. బయటినుంచి వచ్చే పిలుపును ఈ కంప్యూటరుకు పంపమని రెండు వారాల క్రితం తనే అందులో రాసింది. ఈమధ్య కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటరు నంబరు మారిపోయింది. పిలుపులన్నీ ఎవరూ లేని గుమ్మానికి వెళ్తున్నాయి. నంబరు మళ్ళీ మారకుండా ఖాయం చేసి, సరిదిద్దింది. ఫోను చూసింది. ఇంకా రాలేదు.

ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసింది.

“ఇంట్ల సార్ ఉన్నరా మేడమ్? జెర సార్‌కియ్యండి ఫోను, టెక్నికల్ ఉంటది,” అంది అవతలి అమ్మాయి.

ఇంకో రోజైతే దేవకృప మొహం మాడిపోయేది. ఇవాళ ఎందుకో నవ్వొచ్చింది. “సార్‌ని నేనే అనుకో తల్లీ. మా నెట్‌కు సొంత పబ్లిక్ అడ్రసుందా, పదిమందితో కలిపి ఇచ్చారా? అది చెప్పు చాలు.”

అవతల కీబోర్డు టకటకలాడింది. “సొంతదే ఉంది మేడమ్. మా దిక్కుకెల్లి ఏం ఆపలే. మీ కంప్యూటర్ల ఫైర్‌వాల్ చూడుండ్రి.” పెట్టేసే ముందు ఆ అమ్మాయి గొంతు తగ్గించి, “ఇదంతా మీరే చేస్తున్నరా మేడమ్? మస్తుంది,” అంది.

ఫైర్‌వాల్ అంటే కంప్యూటరు గుమ్మంలో కాపలా. దేవకృప దాన్ని రెండు నిమిషాలు ఆపి చూసింది. ఫోన్లో తన గొంతు పాట ఎత్తుకుంది. మళ్ళీ కాపలా పెట్టింది. పాట ఆగిపోయింది. అయితే ఇదే!

ఇస్త్రీ బట్టలు వచ్చాయా అని అడగడానికి అప్పుడే జీవరాజు ఫోన్ చేశాడు. ఆమె ఉండబట్టలేక సంగతి చెప్పింది.

“ఫైర్‌వాలా? ఆపేసి ఉంచు, గోల వదులుతుంది.”

“ఎలా ఆపుతానండీ? మన కాగితాలు, ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి.”

“అయితే నేనొచ్చాక చూస్తా. నువ్వు ముట్టుకోకు, పాడుచేస్తావ్.”

ముట్టుకోకు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఆ మాట ఎన్ని వస్తువుల దగ్గర వినలేదు! పెళ్ళైన కొత్తలో టేప్ రికార్డర్, తర్వాత స్కూటర్, తర్వాత కారు స్టీరింగు. “అది చెయ్యి పెడితే ఏదీ మిగలదురా,” అని అత్తగారు హదస్సమ్మ కొడుక్కి వంత పాడేది. ఎంగిలి కంచాలు ముట్టుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. బాత్రూమ్ జాలీలో ఇరుక్కున్న వెంట్రుకలు ముట్టుకోవద్దనీ అనలేదు. పాడవుతాయేమోనని ముట్టుకోనివ్వని వస్తువులు వేరు, పాడయ్యాక బాగుచేయమని వదిలేసే వస్తువులు వేరు. ఆమెకు కోపం రాలేదు. చేతిలో పని మాంచి ఊపులో ఉంది, కోపానికి తీరిక లేదు.

ఫైర్‌వాల్ పేజీ ఒక్కొక్క వరసే చదివింది. పాటల ప్రోగ్రాముకు ఇంటి నెట్‌వర్క్‌లోనే అనుమతి ఉంది, అది తను పెట్టిందే. కానీ కంప్యూటరు ఈ ఇంటి నెట్‌వర్క్‌ని రైల్వే స్టేషన్ వైఫైలాగా బయటిదిగా లెక్కేస్తోంది. ఎప్పుడు మారింది? గుర్తొచ్చింది. పోయిన నెల ఎవరో హ్యాకర్ల గురించి భయపెట్టే మెసేజ్ పంపితే, జీవరాజే కూర్చుని ఏదో మార్చి, “ఇక చీమ కూడా దూరదు,” అన్నాడు. సొంత ఇంటిని రైల్వే స్టేషన్ల జాబితాలో చేర్చి వెళ్ళాడు మహానుభావుడు! ఆమె ఒక్కతే పగలబడి నవ్వింది. ఇంటిని ఇల్లుగా మార్చి, కాపలా అలాగే ఉంచి, పాటల ప్రోగ్రాముకు ఒక్క దారి మాత్రం వదిలింది.

“స్వర్ణా, ఎక్కడున్నావ్?”

“మార్కెట్లనే అక్కా. టమాట లోడ్ దిగుతుంది.”

“ఒకసారి పాట పెట్టి చూడు.”

లారీ హారన్లు, డబ్బాల చప్పుడు. తర్వాత వాటి మధ్యనుంచి సన్నగా, దేవకృప పాడిన రెండో వరస.

“వచ్చిందక్కా! నీ గొంతే!” స్వర్ణలత కేకేసింది. “ఏయ్, జెర ఆగుండ్రి, మా అక్క పాడుతుంది!”

టమాటాలు దించే మనుషులు నిజంగానే ఆగినట్టున్నారు. చప్పుడు తగ్గింది. కార్ఖానాలో వంటింటి పక్కన కూర్చున్న దేవకృప, తన గొంతు బోయిన్‌పల్లి మార్కెట్లో ఎలా వినబడుతుందో కళ్ళు మూసుకుని విన్నది. దొండకాయలు అడుగంటిన వాసన వస్తే లేచి పొయ్యి కట్టేసి వచ్చి, పన్నెండు మందికీ వాళ్ళ వాళ్ళ పేర్లతో ఖాతాలు తెరిచింది.

ఆ వారమంతా పాట ఊళ్ళో తిరిగింది. ప్రిసిల్లా డ్యూటీ మారే పది నిమిషాల్లో వినేది. ఒకామె బస్సులో, ఒకామె చపాతీలు ఒత్తుతూ. ఇంకొకామె అత్తగారు పక్కనే కూర్చుని విని విని మూడో వరస నేర్చేసుకుని, తననీ చేర్చుకోమంది. ఆదివారం పదమూడు మంది నిలబడ్డారు. మొదటి వరస ఎత్తుకుంది, రెండోది దాని కింద చేరింది, మూడోది వచ్చి రెండింటినీ మోసింది. ఎక్కడా గందరగోళం లేదు. పాట అయ్యేసరికి స్వర్ణలత ఏడుస్తూ నవ్వుతోంది.

బయట జెరెమియా మాస్టారు చెట్టుకింద ఆగి ఉన్నారు. “అమ్మా, మగవాళ్ళకూ నువ్వే నేర్పాలి,” అన్నారు. “నిజం చెప్పాలంటే నాకు ఒక్క వరసే వచ్చు.”

ఇంటికి వస్తుంటే సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆగింది. “మంగళవారం సాయంత్రాలు నేను ఇంట్లో ఉండనండీ,” అంది దేవకృప. అడగలేదు, చెప్పింది.

“ఎందుకు?”

“మగవాళ్ళకు పాట నేర్పాలి. మీరూ రండి, కింది వరసకు గొంతులు చాలవు.”

జీవరాజు బండి అద్దంలో ఆమె మొహం చూశాడు. “నాకు పాట రాదు కదా కృపా,” అన్నాడు మెల్లగా.

“నాకు కంప్యూటరు వచ్చా ఏంటి? ముట్టుకుంటే వచ్చింది.”