ముగ్గురిని కాపాడినవాడి ఇల్లు

భర్త పగటి నిద్రలో కేక వేయగానే ఆమె ఖాళీ జార్ పెట్టి మిక్సీ తిప్పుతుంది. ఫైర్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీ చేసొచ్చి అతను పడుకునేది పగలే. ఆ కేక వీధిలోకి పోకూడదు. బట్టలుతకడం, అత్తగారికి మందులివ్వడం, హాల్లో గోడ నిండా ఉన్న సన్మానపత్రాల దుమ్ము తుడవడం, వాటితోపాటే ఇదీ. ఆరేళ్లయింది. "ఎప్పుడు చూడు ఆ మిక్సీ గోలేమిటే? ఏం రుబ్బుతావో గానీ కంచంలోకి మాత్రం ఏమీ రాదు" అని అత్తగారు దెప్పుతుంది. "నా కొడుకు సింహం. కోడలికేమో అగ్గిపుల్ల గీయాలన్నా వణుకే" అని వచ్చినవాళ్లను నవ్విస్తుంది.

నిజమే, ఆమెకు అన్నీ భయాలే. ఎవరు గుమ్మం దాటినా మనసు కీడే శంకిస్తుంది. అయితే ఆమెను వెంటాడేది ఆ కేక. "చెయ్యి వదలకమ్మా." మంటల్లోంచి ముగ్గురిని మోసుకొచ్చాడని ఊరంతా పొగిడింది. మంటల్లోనే మిగిలిపోయిన నాలుగో పిల్ల సంగతి ఊరికి అక్కర్లేకపోయింది. పన్నెండేళ్లట, అప్పటికి తన కూతురి ఈడు. ఒకనాడు ఉలిక్కిపడి లేచి, చెమట పట్టిన మొహం ఆమె ఒడిలో దాచుకుని అతనే చెప్పాడు. "తనే జారిపోయిందో, నేనే వదిలేశానో తెలియడం లేదు." మర్నాడే, "ఎవరి దగ్గరా అనకు, పరువు పోతుంది" అన్నాడు. ఆమె అనలేదు. పొయ్యి దగ్గర నిలబడితే మాత్రం ఆ పిల్ల వెనకాల గుమ్మంలోనే ఉన్నట్టుంటుంది. తిరిగి చూడదు.

ఇవాళ కూతురు ఫైర్ సర్వీస్ దరఖాస్తు తెచ్చి ముందు పెట్టింది.

"నాన్నలా నేనూ పేపర్లో పడతానమ్మా. ఇంట్లో పెద్దవాళ్ల సంతకం కావాలట, నువ్వు పెట్టు."

"ఆడపిల్లకి నిచ్చెనలెక్కే ఉద్యోగమా?" అంది అత్తగారు లోపల్నుంచి.

వద్దంటే చాలు, కూతురు కళ్లెదుటే ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగి ఆమె సంతకం పెట్టింది. కాగితం మాత్రం చేతికివ్వకుండా కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగో పిల్ల సంగతంతా చెప్పింది.

కూతురు గోడమీది సన్మానపత్రాల వైపు చూసింది. "నేను మానుకోవాలనేగా ఇదంతా?"

"మానుకోమనలేదే. వెళ్లు. ఎప్పుడో ఒకరోజు నీ చేతిలోంచీ ఒకరు జారిపోతారు. ఆ రోజు ఇంటికొచ్చి గట్టిగా ఏడువు. నీ పరువు కోసం నీ ఏడుపు దాచిపెట్టే ఆడది ఈ ఇంట్లో ఇక ఉండదు."