రెండోసారి కదిలిన కాయ

హోలిస్ ట్రూయిట్ తన ముక్కలను ఒక్కసారే చూసేవాడు. బొటనవేలితో మూలలు లేపి, చూసి, దించి, వాటిమీద అక్రోటులాంటి ఒక పెకాన్ కాయ పెట్టేవాడు. ఆ కాయ టెక్సాస్‌లో వాళ్ల పెరటి చెట్టుది. పందెం తేలేదాకా దాన్ని కదిపేవాడు కాదు. లాస్ వేగస్‌లో ఫ్రీమాంట్ వీధి పేకగదిలో నేను ఇరవై ఆరేళ్లు ముక్కలు పంచాను. పందెం మధ్యలో ఆ కాయ కదలడం ఒక్కసారే చూశాను.

పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తాం. మరో అయిదు అందరికీ కలిపి బల్లమీద తెరుస్తాం. వాటిలో మూడు ఇస్పేట్లు పడ్డాయంటే, చేతిలో ఇంకో రెండున్నవాడికి అయిదు ఇస్పేట్ల పెద్ద ఆట కుదిరినట్టే. తన చేతిలో ఇస్పేటు ఉందో లేదో గుర్తులేనివాడు మళ్లీ మూల లేపుతాడు. రెండూ ఇస్పేట్లే ఉన్నవాడికి ఆ పని ఉండదు. మళ్లీ చూసినవాడి దగ్గర అది లేదని పట్టుకోవడానికి ఎదుటివాడికి అంతే చాలు.

హోలిస్ లాస్ వేగస్ రాకముందు వెర్న్ క్యాడెల్‌తో కలిసి పేకాటల కోసం పన్నెండేళ్లు ఒకే కారులో టెక్సాస్ ఊళ్లన్నీ తిరిగాడు. ఒడెస్సా, శాన్ ఏంజెలో, అబిలీన్. అక్కడ పందెపు పేకాట నేరం. ఒకసారి పోలీసులు వస్తే ఇద్దరూ కిటికీలోంచి దూకారు. మర్నాడు టోపీల కోసం అదే గదికి వెళ్లి, మళ్లీ ఆటకు కూర్చున్నారు. దారిలో నిన్నటి ముక్కలు ఒకరినొకరు అడిగేవారు. తప్పు చెప్పినవాడు తర్వాతి వంద మైళ్లూ కారు నడపాలి. హోలిస్ నడిపిన రోజులు తక్కువని వెర్న్ చెప్పేవాడు. ముందు ఎవరు తన ముక్కలు రెండోసారి చూస్తే, వాణ్ని ఆట మానెయ్యమని రెండోవాడు చెప్పాలన్న ఒప్పందం కూడా ఆ కారులో చేసుకున్నదే.

హోలిస్ ఏటా జరిగే పెద్ద పోకర్ పోటీ రెండుసార్లు గెలిచాడు, 1975లో, 1978లో. మా పేకగది గోడమీది రెండు ఫొటోల్లోనూ ఆయన ముందు ఆ కాయ ఉంది. తీసెయ్యమని ఫొటోగ్రాఫర్ అడిగితే, అది లేకుండా తాను దిగనన్నాడట.

1996 మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం. హోలిస్‌కు డెబ్బై ఆరేళ్లు. పందెంలో ఆయనా వెర్నూ మిగిలారు. బల్లమీద మూడు ఇస్పేట్లు పడ్డాయి. వెర్న్ పందెం వేశాడు. హోలిస్ కాయను పక్కన పెట్టి, మూలలు లేపి చూశాడు. కాయను మళ్లీ ముక్కల మీద పెట్టాడు. పక్కన కాఫీ కలుపుతున్న ఇంకో ఆటగాడు చెంచా ఆపాడు. హోలిస్ తన ముందున్న పందెం బిళ్లలన్నీ మధ్యకు తోశాడు.

వెర్న్ కాసేపు ఆ కాయనే చూశాడు. తర్వాత పందెం వదులుకుని, తన ముక్కలు బోర్లాగానే నా వైపు జరిపాడు.

“నలభై ఏళ్లు దాచుకున్నావురా ఈ నాటకం, నా కోసమని. నేను పడను.”

అందరూ నవ్వారు, హోలిస్ తప్ప. గెలిచిన బిళ్లలు ఆయన ముందుకు తోశాను. వాటిమీద చెయ్యి వెయ్యలేదు.

“నీ దగ్గర ఏముందిరా?”

పందేనికి పందెం కట్టి చూడాలే తప్ప, వదిలేసిన ముక్కలు అడగకూడదు. మాలో సగంమందికి ఆ మర్యాద నేర్పింది ఆయనే.

“డబ్బు కట్టి చూడు,” అన్నాడు వెర్న్.

“మళ్లీ చూసినవాణ్ని నువ్వెప్పుడైనా వదిలావా?”

వెర్న్ టోపీ సర్దుకున్నాడు.

“చెప్తానన్నావు కదరా, ఆ రోజు కారులో,” అన్నాడు హోలిస్.

“ఇది కారు కాదుగా.”

అప్పుడు నవ్వాడు హోలిస్. కాయను చొక్కా జేబులో వేసుకున్నాడు. తన ముక్కలు తెరవకుండానే నాకిచ్చి, “తమ్ముడూ, రేపటినుంచి ఆటగాళ్ల వరసలో నా పేరు రాయకు,” అన్నాడు.

వెర్న్ కూడా లేచాడు. నువ్వెక్కడికని హోలిస్ అడిగాడు.

“ఇంటిదాకా నేను నడుపుతా. నువ్వెప్పుడు నడిపావు గనక.”

ఇద్దరి ముక్కలూ నా ముందే ఉన్నాయి. తిప్పి చూస్తే వెర్న్ గెలిచే ముక్కలే వదిలాడో లేదో తెలిసేది. పంచేవాళ్లు చూడకూడదు. కట్టలో కలిపేసి, వరసలో ఉన్న తర్వాతి పేరు పిలిచాను.