రెండు వందల యాభై ఆరు రంగులు

ఆ ల్యాప్‌టాప్ మారికుప్పం దగ్గరున్న ఒక చిన్న చర్చి దవాఖానాకు బెంగళూరు నుంచి ఎవరో దానంగా పంపింది. పాతది. లినక్స్ తప్ప మరేదీ దాని మీద సరిగ్గా నడవలేదు. దాన్ని నడిచేలా చేసినవాడు డెన్నిస్. అక్కడి బంగారు గనులు మూతపడక ముందు అతను భూగర్భంలో ఎలక్ట్రీషియన్. ఆ తర్వాత రాబర్ట్‌సన్‌పేటలో రేడియోలు, కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

దవాఖానాలో ఎక్స్‌రేలు చూసే లైటు పెట్టె ఎప్పుడో పాడైపోయింది. అందుకని నర్సు మోనికా ఫిల్ములను స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో పెట్టేది. నెలకోసారి వచ్చే డాక్టరు తెర మీదే చూసి చెప్పేవాడు. జనవరిలో ఆయన డెన్నిస్‌ను అడిగింది ఒక్కటే.

"బొమ్మ మొత్తం ఒకేసారి కనపడాలయ్యా. పైకీ కిందికీ జరుపుకుంటూ చూడలేను."

డెన్నిస్ స్క్రీన్ మోడ్‌ను, అంటే తెర మీద పట్టే బిందువుల లెక్కను, 1024×768కి పెంచాడు. కానీ ఆ యంత్రంలో బొమ్మలకున్న మెమరీ రెండు మెగాబైట్లే. అంత పెద్ద తెరకు పూర్తి రంగులు పట్టవు. రంగుల లోతు పదహారు బిట్లు పెడితే యంత్రం ఈడ్చుకుంటూ నడిచింది. చివరికి దాన్ని ఎనిమిది బిట్లకు దించేశాడు. తెర మీద రెండు వందల యాభై ఆరు రంగులే మిగిలాయి. ఎక్స్‌రే నలుపూ తెలుపే కదా, దానికి రంగులెందుకు అనుకున్నాడు. డాక్టరు చూసి బాగుందన్నాడు.

జూలైలో ఒక ఉదయం మోనికా ఫోన్ చేసింది. "అన్నా, ఒకసారి వచ్చిపో. ఫిల్ములో ఉండేది తెర మీద లేదు."

అతను వెళ్లేసరికి ఆమె ఒక ఫిల్మును కిటికీకి అడ్డంగా పట్టుకుని నిలబడి ఉంది. అంచున పేరు చూశాడు. అమృతరాజు. పద్నాలుగేళ్లు డెన్నిస్‌తో ఒకే షిఫ్టులో గనిలోకి దిగినవాడు. ఫిబ్రవరిలో దగ్గుతో వస్తే డాక్టరు తెర మీద చూసి, పాత మచ్చలే, పనికి పోవచ్చు అన్నాడు. అమృతరాజు మాలూరు పక్కన రాళ్లు పిండిచేసే క్రషర్‌లో మళ్లీ పనికి చేరాడు. ఇప్పుడు దగ్గు ముదిరి, ఇంట్లో దాచుకున్న ఆ ఫిల్మునే తెచ్చి, బయట వరండాలో కూర్చున్నాడు.

వెలుతురులో ఊపిరితిత్తుల పైభాగమంతా రాగిపిండి చల్లినట్టు సన్నటి చుక్కలు. తెర మీద అదే చోట చదునైన తెల్లటి పట్టీలు మాత్రమే ఉన్నాయి.

డెన్నిస్ కూర్చుని సెట్టింగుల ఫైలుకు ముందు ఒక కాపీ తీసుకున్నాడు. లోతు దగ్గర ఎనిమిది తీసేసి ఇరవై నాలుగు రాశాడు. మళ్లీ మొదలుపెడితే తెర నల్లగా ఉండిపోయింది. మెమరీ చాలలేదు. అక్షరాలు మాత్రమే కనపడే తెరలోకి వెళ్లి మోడ్‌ను 800×600కి తగ్గించాడు. ఈసారి వచ్చింది. తెరలో బొమ్మ సగమే పట్టింది. కానీ చుక్కలు ఉన్నాయి. ఒక్కొక్కటీ విడివిడిగా.

డెన్నిస్ అన్నాడు. "నేనే తగ్గించినాను మోనికా. రంగులు తగ్గిస్తే బూడిద చాయలు కూడా పోతాయని నాకు తట్టలేదు."

లేచి వరండాలోకి వెళ్లాడు. అమృతరాజు కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

"ఏమప్పా, మిషన్‌కి మళ్లా జబ్బా?"

డెన్నిస్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అమృతరాజు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు.

"అయిదు నెలలు ఆ దుమ్ములోనే ఉండాను కదప్పా."

"అవును."

"నువ్వు చెప్పకుంటే నీ చేతి తప్పని నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పినావు?"

"చెప్పకుంటే రేపు మళ్లా పోతావు."

ముంచుకొచ్చిన దగ్గు తగ్గేదాకా ఆగి అమృతరాజు అన్నాడు. "ఇంగ సెలీన్‌కి నువ్వే చెప్పు. నా చేత కాదు."

సెలీన్ అతని భార్య. డెన్నిస్ ఆ మధ్యాహ్నమే గని కార్మికులకు వరసగా కట్టిన లైనిళ్లలో ఉన్న వాళ్లింటికి వెళ్లి చెప్పాడు. ఆమె పొయ్యి మీదున్న అన్నం దించి, మూత పెట్టి, మొత్తం విన్నది. "సరే" అని మాత్రం అన్నది.

బెంగళూరులో చూపిస్తే అక్కడి డాక్టర్లు అది రాతి దుమ్ము జబ్బేనన్నారు. మందు లేదు, ఇక దుమ్ములోకి వెళ్లకుండా ఉండటమే అన్నారు. అమృతరాజు క్రషర్ మానేశాడు. డెన్నిస్, మోనికా కలిసి జనవరి నుంచి స్కాన్ చేసిన అరవై రెండు బొమ్మలనూ మళ్లీ తెరిచి చూశారు. అలాంటి చుక్కలే కనపడిన ఏడుగురికి కబురు పెట్టారు. ఆరుగురు వచ్చారు. ఏడో మనిషి ఇల్లు ఖాళీ చేసి యాడికి పోయాడో పక్కింటివాళ్లకూ తెలియదు. డెన్నిస్ రెండుసార్లు బంగారుపేట దాకా వెళ్లి వెతికాడు. దొరకలేదు.

మరుసటి ఏడాది వానాకాలంలో అమృతరాజు పోయాడు. శవపేటికను మోసినవాళ్లలో డెన్నిస్ కూడా ఉన్నాడు. సెలీన్ అతన్ని ఒక్క మాట అనలేదు. బజారులో ఎదురైతే ఇప్పటికీ బాగున్నావా అని అడుగుతుంది. ఇంటికి మాత్రం రమ్మనదు.