పుష్పవల్లి గొంతుకి వేరే ఎంసీబీ

ఫిల్మ్ నగర్‌లో పుష్పవల్లిగారింట్లో తెల్లారితే ఓ పద్ధతుంది. ముందు గీజరు ఆపాలి, తర్వాత మోటారు కట్టెయ్యాలి, అప్పుడుగానీ ఆవిడ "ఏవండీ, కాఫీ" అని కేకెయ్యకూడదు. మూడూ కలిస్తే మెయిన్ పడిపోతుంది. ఆవిడ గొంతు అంత కరెంటు లాగేస్తుంది మరి. కొందరికి బీపీ ఉంటుంది, ఈవిడకి ఇది.

ఆవిడ డబ్బింగ్ ఆర్టిస్టు. గొంతెత్తితే స్టూడియోలో దీపాలారిపోతాయని, చచ్చిపోయే తల్లులకీ, "డాక్టరుగారొస్తున్నారు" అనే నర్సులకీ తప్ప ఎవరూ పిలవరు. ఇంట్లో భర్త చలపతిరావు పాటా అదే: "మెల్లగా, పుష్పా, మెల్లగా!" పాపం, అంత గొంతు పెట్టుకుని బతుకంతా గుసగుసలే.

అలాంటిది హరిణి అనే కొత్త డైరెక్టరు, తన సినిమాలో రాణికి ఈవిడే చెప్పాలని పట్టుబట్టింది. మొదటి డైలాగుకే స్టూడియో చీకటైంది. నిర్మాత వేరే గొంతు చూడమన్నాడు.

"ఆంటీ, ఆయన్ని ఆదివారం దాకా ఆగమన్నాను. మీ ఇంట్లోనే రికార్డు చేద్దాం. కరెంటు నిలబెట్టండి చాలు," అంది హరిణి.

"పాత బోర్డులోనే, లోడెక్కువైతే పడే ఆ మీట, ఎంసీబీ, పెద్దది వేయిస్తే సరి," అన్నాడు చలపతిరావు.

"సన్నవైరుకి పెద్దది వేస్తే అది పడదు, వైరు కాలుతుంది. ఇన్నేళ్లుగా పడగొడుతున్నదాన్ని, నాకు తెలీదూ? బోర్డు మార్చాలి. నా గదికి వేరే లావువైరు, వేరే ఎంసీబీ. చెప్పులేసుకోండి," అందావిడ.

టోలిచౌకిలో కరెంటు సామాన్ల కొట్టు ప్రేమ్ చంద్‌ది. "మోటరుకా, గొంతుకా అమ్మా?" అనడిగాడు. గొంతుకనగానే టెస్టుబోర్డుకి ఓ ఎంసీబీ బిగించి, బల్బు పెట్టాడు. "జర గట్టిగ అనుండ్రి."

"ఎవరక్కడ!"

టప్‌మని పడింది.

"గిది బీ టైపు, లైట్లకైతే సరిపోతది. ఒక్కసారిగ లోడు లేస్తే తట్టుకోదు. సీ టైపు పెడ్త."

పుష్పవల్లి కొంగు బిగించి మళ్లీ అరిచింది. బల్బు భగ్గుమంది, మీట వణికింది, పడలేదు. పక్కన ఫ్యాను బేరమాడుతున్నాయన, "భాయ్, గదే నాకొకటియ్యి, మా అత్తమ్మకు," అన్నాడు.

కొత్త బోర్డు గోడెక్కింది. షాకు కొట్టకుండా ఆర్సీసీబీ, ఏసీకొకటి, గీజరుకొకటి, మోటారుకొకటి, చివర ఆవిడ గదికొకటి. చలపతిరావు ముచ్చటగా పేర్లు రాసి అంటించి, చివరిదాని మీద 'స్పేర్' అని రాశాడు. పుష్పవల్లికి ఒళ్లు మండిపోయింది. ఆ కాగితం పీకి 'పుష్పవల్లి' అని రాసి అంటించింది.

ఆదివారం ఆవిడ మైకు ముందు నిలబడగానే, ఆయన అలవాటు కొద్దీ మోటారు కట్టెయ్యడానికి పరిగెత్తాడు.

"ఉండనివ్వండి. ఏసీ, గీజరు, అన్నీ వేయండి."

వేశాడు. మీటనే చూస్తూ బోర్డు దగ్గరే నిలబడ్డాడు. లోపల రాణి, కోటని శత్రువుకి అప్పగించిన మంత్రుల మీద విరుచుకుపడింది. కిటికీలు అదిరాయి. దీపాలు ఒక్క క్షణం తగ్గి, మళ్లీ నిండుగా వెలిగాయి. పడలేదండీ, ఆ మీట పడలేదు! హరిణి కళ్లు తుడుచుకుంటూనే నిర్మాతకి ఫోన్లో వినిపించింది. తర్వాతి సినిమాకి కూడా ఈవిడే అన్నాట్ట ఆ మహానుభావుడు.

మర్నాడు పొద్దున్న గీజరు నడుస్తోంది, మోటారూ నడుస్తోంది. వంటింట్లోంచి పుష్పవల్లి నిండుగొంతుతో పిలిచింది: "ఏవండీ, కాఫీ!"

వీధి చివర ఇస్త్రీ బండాయనక్కూడా వినిపించింది. మేడ మీద చలపతిరావు మాత్రం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏంటీ? ఇంకాస్త గట్టిగా, పుష్పా!"